పుష్పగిరి దారిలో ఉమ్మెత్త

కడప నుంచి పుష్పగిరి 16 కిలోమీటర్లు. కార్తీక సోమవారం, ఆటోలు కిక్కిరిసి పోతున్నాయి. ఊరు దగ్గరపడేకొద్దీ రోడ్డు వారన, పెంటదిబ్బల పక్కన, పాడుబడ్డ గోడల మొదట్లో ఉమ్మెత్త చెట్లు విరగకాసి ఉన్నాయి. చుట్టూ గడ్డిని మేకలు మొదలంటా కొరికేశాయి, ఉమ్మెత్త ఆకు మాత్రం ముట్టలేదు.

తెల్లపూలదీ ఉంది, ఊదాపూల నల్ల ఉమ్మెత్తా ఉంది. నల్లదానికి పువ్వులో పువ్వు దూర్చినట్టు రెండు మూడు వరసలుంటాయి. కాయకు ఒళ్లంతా ముళ్లు, తల వంచుకుని వేలాడుతుంది. పెన్న ఒడ్డున వైద్యనాథేశ్వరుడి గుడి ముందర మారేడు దళాలతో పాటు ఈ పూలూ బుట్టలో పెట్టుకుని ఒక అవ్వ కూర్చుంది. "శివునికి పెట్టేసి చేతులు కడుక్కో నాయనా, కండ్లు ముట్టుకోవాకు" అని కొన్న ప్రతివాళ్లకూ చెబుతోంది. రసం తగిలితే ఆ ఒక్క కంటిపాప పెద్దదై, దగ్గరి అక్షరాలు మసకబారి రోజుల తరబడి అలాగే ఉంటుంది. వినాయక చవితికి పత్రి కోసే పిల్లలకూ ఈ మాట చెప్పాలి. 21 పత్రాల్లో 'హరసూనవే నమః' అంటూ వేసే 5వది దత్తూర పత్రం, అంటే ఉమ్మెత్త ఆకే.

మెక్సికోలో విచోల్ జాతివాళ్లకూ ఇలాంటి యాత్ర ఉంది. విరికుతా ఎడారికి పోయి, పెయోటి అనే ముళ్లులేని జెముడు మొక్కను సేకరించి, పూజారి దగ్గరుండగా తింటారు. అందులోని మెస్కలిన్ రంగులూ ఆకారాలూ చూపిస్తుంది, అది మొక్క మహిమేనన్న ఎరుక మాత్రం చాలావరకు మిగులుతుంది. ఉమ్మెత్తతో ఆ ఎరుకే పోతుంది. ఇందులోని అట్రోపిన్, స్కోపోలమిన్, హయోసయమిన్ అనే విషాలు, నరాల కబురు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పని చేయకుండా అడ్డుపడతాయి. నోరు పిడచగడుతుంది, చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం బిగుస్తుంది. ఆపైన మతి తప్పి, ఎదురుగా లేని మనిషితో మాట్లాడతారు, గాల్లో లేని దారాలు ఏరతారు. తేరుకున్నాక చాలామందికి ఏదీ గుర్తుండదు. దీన్ని దైవదర్శనం అనడానికి నాకు మనసొప్పదు. ఇక్కడి పూజలో కూడా ఇది లింగం మీదికి పోతుందే తప్ప తీర్థంలో కలవదు.

'కొంచెమే కదా' అన్న లెక్క దీనికి చెల్లదు. చెట్టుకూ చెట్టుకూ, కాయకూ కాయకూ విషం పాళ్లు మారిపోతాయి. వెనకటి దారిదోపిడీ దొంగలు బాటసారుల తిండిలో కలిపింది ఈ గింజలే. మిరప ఆరబోసే మన సీమలో పొరపాటూ సులువే, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. మిరపగింజ పలచన, లేత పసుపు. ఉమ్మెత్త గింజ మందం, ముదురు గోధుమరంగు, అంచు జంటగట్టులా ఉంటుంది.

ఎవరైనా తిన్నారని తెలిస్తే వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేయాలి. తడిగుడ్డతో ఒళ్లు చల్లబరచాలి, మిగిలిన కాయ ఆసుపత్రికి పట్టుకుపోవాలి. నిద్రపట్టాలని అలర్జీ మాత్రలు వేస్తే అవీ ఇదే దారిలో పనిచేసి పరిస్థితి ముదురుతుంది. తీవ్రమైన కేసుల్లో డాక్టర్లు వాడే విరుగుడు ఫైసోస్టిగ్మిన్.

కుక్క కరిస్తే ఉమ్మెత్త రసం తాగించే అలవాటు పల్లెల్లో ఉంది. అది రేబీస్ వైరస్‌ను ఏమీ చేయదు, పైగా కరిపించుకున్నవాడికి ఇంకో విషం ఎక్కుతుంది. గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు తీసుకుపోవాలి.