మందు కొట్టకుండా పెరటి మడిలో తుంగను అణచిన తీరు: నా అనుభవం

గంగవాయిలి, గలిజేరు, గునుగు లాంటి కలుపు మొక్కలు విత్తనంతో మొలుస్తాయి. పూతకు రాకముందే పీకేస్తే వాటి పని అయిపోతుంది. తుంగ అలా కాదు. దాని ప్రాణం నేలలోని గడ్డలో ఉంటుంది. ఆ గడ్డలు సన్నని తీగలతో గొలుసుకట్టుగా అల్లుకుని ఉంటాయి. ముందు మొలిచిన గడ్డ మిగతావాటిని మొలవనివ్వదు. మనం ఆకు పట్టి లాగితే గొలుసు తెగి, అప్పటిదాకా అణగి ఉన్నవి కూడా లేస్తాయి. పీకినకొద్దీ ఒత్తుగా రావడానికి కారణం ఇదే. అందుకే మా రెండు సెంట్ల పెరట్లో నేను ఆకు మీద కాకుండా గడ్డ మీద దృష్టి పెట్టాను. దొరికినదాన్ని ఎండబెట్టాలి, దొరకనిదానికి తిండి అందకుండా చేయాలి.

పని వేసవిలోనే మొదలు కావాలి. ఏప్రిల్‌లో వంగ, బెండ కాపు అయిపోగానే మడికి ఒక తడి ఇచ్చి, మట్టి పదునుకు వచ్చాక పళ్లున్న ఫోర్కుతో జానెడు లోతు తిరగేశాను. పార వాడితే గొలుసులు తెగి ముక్కలు మట్టిలోనే ఉండిపోతాయి. ఫోర్కుతో అయితే చాలావరకు గొలుసుతో సహా పైకి వస్తాయి. ఏరిన గడ్డల్ని కంపోస్టు గుంటలో అస్సలు వేయకూడదు. మేడ మీద పలచగా పరిచి బాగా ఎండనివ్వాలి. ఒకటి కోసి చూడండి: లోపల తెల్లగా, గట్టిగా ఉంటే ఇంకా బతికే ఉన్నట్టు, గోధుమరంగుకు తిరిగి వడిలిపోతే చచ్చినట్టు.

ఎంత ఏరినా కొన్ని మిగులుతాయి. అందుకని పెళ్లలు చితకకొట్టకుండా అలాగే వదిలేసి, వారానికోసారి తిరగేస్తూ, రోహిణి కార్తె ముగిసేదాకా చుక్క నీరు పెట్టలేదు. రోళ్లు పగిలే ఆ ఎండే ఇక్కడ అసలు మందు. మధ్యలో గాలివాన పడితే మట్టి ఆరగానే మరోసారి తిరగేయాలి.

ఆకుకూరలు చల్లే మడికి మాత్రం వేరే పద్ధతి, ఎందుకంటే అక్కడ తర్వాత కలుపు లేవకుండా వరిగడ్డి పరచడం కుదరదు. మట్టి చదును చేసి బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శకమైన పాలిథిన్ షీటు నేలకు అంటేలా పరిచి, అంచులు మట్టితో కప్పాను. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. పై పొరలోని కలుపు విత్తనాలు ఆ వేడికి చాలావరకు చస్తాయి. లోతున ఉన్న తుంగ గడ్డలకు ఇది చాలదు. నల్ల షీటు అయితే తుంగ మొలక సూదిలా దాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. షీటు తీశాక మట్టిని లోతుగా కదపకూడదు; కదిపితే కింది విత్తనాలు పైకి వస్తాయి.

మృగశిర వానలకు మిగిలిన తుంగ మొలుస్తుంది, మొలవనివ్వాలి. నాలుగైదు ఆకులు రాగానే కలుపు తీసే తొలికతో నేలకు కాస్త కిందికి కోసేయాలి. మొలిచిన మూడు వారాలు దాటితే కొత్త గడ్డలు కట్టడం మొదలవుతుంది కాబట్టి రెండు వారాలకు మించి ఆగకూడదు. కోసిన ప్రతిసారీ గడ్డ తన నిల్వను ఖర్చు పెట్టి మళ్లీ మొలకెత్తాలి. అలా బలహీనపడుతుంది. ఈ గడువు తప్పితే వేసవి కష్టమంతా వృథా.

రెండు కోతలయ్యాక సెంటుకు 400 గ్రాముల చొప్పున జనుము ఒత్తుగా చల్లాను. నీరు నిలిచే మడైతే జీలుగ మేలు. తుంగ నీడకు తట్టుకోలేదు, జనుము కమ్ముకుంటే పాలిపోతుంది. 45 రోజులకు, పూతకు ముందే కోసి మట్టిలో కలిపేసి, రెండు వారాలు మగ్గాక టమాటా, మిరప నారు నాటుకోవచ్చు.

నాటిన మొదటి నలభై రోజులే మొక్కకు కీలకం. మొక్కల మధ్య ఆరేడు పొరల న్యూస్‌పేపరు తడిపి పరిచి, పైన నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి వేశాను. వరిగడ్డిని ముందే బాగా దులపాలి, లేకపోతే తాలుతో పాటు మిగిలిన గింజలు మొలుస్తాయి. కాండానికి రెండు అంగుళాలు ఖాళీ వదలాలి, తడి అంటుకుని ఉంటే మొదలు కుళ్లుతుంది. నీళ్లు మడంతా పారించకుండా మొక్క మొదట్లోనే పోయాలి. పొడిగా ఉన్న గడ్డికి చెదలు పడతాయి, ముఖ్యంగా ఎర్ర నేలల్లో. అందుకని గడ్డి పూర్తిగా ఎండిపోకుండా చూసుకోవాలి.

ఉప్పు చల్లమని చెప్పేవాళ్ల మాట మాత్రం వినకండి. అది కలుపుతో పాటు నేలనూ చెడగొడుతుంది. వంటింటి వెనిగర్ ఆకును మాడుస్తుంది గానీ గడ్డను తాకదు. పశువుల ఎరువు కూడా పూర్తిగా మాగిందే తెచ్చుకోవాలి. పచ్చి పేడతో వయ్యారిభామ, ఊద లాంటి కలుపుల విత్తనాలు మడిలోకి రావచ్చు. వయ్యారిభామ కనిపిస్తే చేతులకు తొడుగులు వేసుకుని, పూత రాకముందే వేరుతో సహా లాగేయండి.