నాలుగు ఆర్యసత్యాలు, నాలుగు వేర్వేరు పనులు

బుద్ధుడు ఏం చెప్పాడని అడిగితే చిన్నప్పటి పాఠం గుర్తున్న ఎవరైనా గడగడా అప్పజెప్తారు. లోకం దుఃఖమయం, దుఃఖానికి మూలం కోరిక, కోరికను జయిస్తే దుఃఖం పోతుంది, అందుకు అష్టాంగ మార్గం ఉంది. పరీక్షలో రాయడానికి ఇది చాలు. సాధనకు మాత్రం చాలదు, ఎందుకంటే ఇందులో ఉన్నది సగమే.

ఋషిపతనంలోని జింకల వనంలో, అంటే నేటి సారనాథ్‌లో, అయిదుగురు భిక్షువులకు చేసిన మొదటి ప్రబోధంలో బుద్ధుడు నాలుగు సత్యాలు చెప్పి ఊరుకోలేదు. ఏ సత్యం విషయంలో ఏ పని చేయాలో విడివిడిగా చెప్పాడు. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి. దాన్ని పుట్టించే తృష్ణను విడిచిపెట్టాలి. దుఃఖం ఆగిపోవడాన్ని ప్రత్యక్షంగా చూడాలి. మార్గాన్ని పెంపొందించుకోవాలి. ఈ సత్యం ఇది, దీని విషయంలో చేయాల్సింది ఇది, ఆ పని పూర్తయింది అని ఒక్కో సత్యానికి మూడు దశలు, మొత్తం పన్నెండు. ఈ పన్నెండూ తేటతెల్లం అయ్యాకే తనకు సంబోధి, అంటే సంపూర్ణ జ్ఞానోదయం, కలిగిందని ప్రకటించానని ఆయన ఆ ప్రబోధంలోనే అంటాడు.

సాధనలో ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఒక సత్యానికి చెప్పిన పనిని ఇంకో సత్యం మీద చేయడం వల్ల వచ్చేవేనని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ నాలుగు పనుల గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు దుఃఖాన్నే వదిలించుకోబోవడం. మనసులో ఆందోళన ఉంటుంది, ధ్యానంలో కూర్చుంటే పోతుందన్న ఆశతో కూర్చుంటారు. శ్వాసను గమనిస్తున్నట్టే ఉంటుంది కానీ, ప్రతి రెండు నిమిషాలకూ ‘తగ్గిందా?’ అని లోపల కొలత వేస్తూనే ఉంటారు. తగ్గకపోతే విసుగు, తగ్గితే మళ్లీ వస్తుందేమోనన్న భయం. బుద్ధుడు తృష్ణను మూడు రకాలుగా చెప్పాడు: ఇంద్రియ సుఖాల కోసం కామతృష్ణ, ఏదో ఒకటి అవ్వాలని, ఉండాలని భవతృష్ణ, ఉన్నది లేకుండా పోవాలని విభవతృష్ణ. ఆందోళన మాయమైపోవాలన్న ఆ పట్టుదల మూడో రకానిది. దుఃఖాన్ని పోగొట్టుకునే పేరుతో దుఃఖానికి కారణాన్నే పెంచుతున్నాం. ఎంత కూర్చున్నా ఫలితం కనిపించకపోవడంలో వింత లేదు.

మొదటి సత్యానికి చెప్పిన పని తెలుసుకోవడం. ఏం తెలుసుకోవాలి? పుట్టుక, ముసలితనం, చావు, ఇష్టం లేనివాటితో కలిసి ఉండాల్సి రావడం, ఇష్టమైనవాటికి దూరం కావడం, కోరుకున్నది దొరకకపోవడం అని వరుసగా చెప్పి, క్లుప్తంగా అయిదు ఉపాదాన స్కంధాలే, అంటే మనం ‘నేను, నాది’ అని పట్టుకునే అయిదు రకాల అనుభవాలే, దుఃఖం అని ముగించాడు. సాధనకు పనికొచ్చేది ఆ చివరి మాటే. ఉదాహరణకు, ఎవరో అవమానకరమైన సందేశం పంపారనుకోండి. ముఖం వేడెక్కడం, గుండె దడదడలాడడం రూపం. అది బాధగా తగలడం వేదన. ‘ఇది అవమానం’ అని గుర్తుపట్టడం సంజ్ఞ. తిరిగి ఘాటుగా జవాబివ్వాలన్న ఉరుకు సంస్కారం. ఇవన్నీ తెలియవస్తూ ఉండడం విజ్ఞానం. మామూలుగా ఈ అయిదూ ఒకే ముద్దగా ‘నాకు కోపం వచ్చింది’ అని అనుభవంలోకి వస్తాయి. వాటిని విడదీసి చూడడమే తెలుసుకోవడం.

విడదీశాక ఒక్కోదాన్నీ పరీక్షించే పద్ధతి రెండో ప్రబోధంలో ఉంది. ఈ రూపం నిజంగా ‘నేను’ అయితే ‘ఇలా ఉండు, అలా ఉండకు’ అంటే వినాలి. వేదన అయినా అంతే, మిగిలిన మూడూ అంతే. వింటున్నాయా? ఇవి నిలకడగా ఉంటున్నాయా? నిలకడ లేనిదాన్ని, మాట విననిదాన్ని ‘ఇది నాది, ఇది నేను, ఇది నా ఆత్మ’ అనుకోవడం తగునా? అనాత్మ బోధ ఇలా ప్రశ్నల రూపంలో వచ్చింది. దాన్ని ‘ఆత్మ లేదు’ అనే సిద్ధాంతంగా మార్చుకుని వాదించడానికి వాడుకునేవాళ్లు ఆ పరీక్షను చేయకుండానే ఫలితం రాసుకున్నవాళ్లు.

అయిదింటిలో మొదట పట్టుకోవాల్సింది వేదన. ఇక్కడ వేదన అంటే బాధ ఒక్కటే కాదు. ప్రతి అనుభవానికీ ఉండే సుఖం, దుఃఖం, రెండూ కానిది అనే మూడు రుచుల్లో ఒకటి. ఒకదాన్ని బట్టి ఇంకొకటి పుడుతుందని చెప్పే ప్రతీత్య సముత్పాదంలోని పన్నెండు లంకెల్లో స్పర్శ (ఇంద్రియానికి విషయం తగలడం) వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం (గట్టిగా పట్టుకోవడం) అని వస్తుంది. ఇంద్రియాలున్నంత కాలం స్పర్శా ఆగదు, వేదనా ఆగదు. మనం నిలబడి చూడగలిగే చోటు వేదనకీ తృష్ణకీ మధ్యనే.

చేసే పద్ధతి చెప్తాను. పదిహేను నిమిషాలు చాలు. మొదటి అయిదు నిమిషాలు శ్వాస మీద ఉండి మనసును కాస్త కుదుట పడనివ్వండి. ఆ తర్వాత శ్వాసను వదిలేయకుండానే, బయటి శబ్దం, ఒంట్లో దురద, గుర్తొచ్చిన మాట, ఏది ముందుకొస్తే దాని రుచిని మాత్రమే చూడండి. సుఖమా, దుఃఖమా, రెండూ కాదా. కారణం వెతకొద్దు. వెంటనే మనసు ఎటు కదిలిందో చూడండి. సుఖమైతే ఇంకా కావాలని వంగుతుంది, దుఃఖమైతే తోసేస్తుంది, రెండూ కానిదైతే పట్టించుకోకుండా పగటికలల్లోకి జారుకుంటుంది. సుఖం కింద రాగం, దుఃఖం కింద ద్వేషం, రెండూ కానిదాని కింద అవిద్య దాగి ఉంటాయని సుత్తాలు, అంటే బుద్ధుడి ప్రబోధాలు, చెప్పేది ఈ కదలికల గురించే. కొత్తవాళ్లకు మూడోది అసలు కనిపించదు, మొదటి రెండే కనిపిస్తాయి. కంగారు పడనక్కర్లేదు, ధ్యాస తప్పిపోయిందని గుర్తించిన ప్రతిసారీ అంతకుముందు అలాంటి వేదనే ఉందేమో వెనక్కి చూసుకోవడం మొదలుపెడితే పట్టు దొరుకుతుంది. అన్నట్టు, మోకాలి లోపల పదునైన నొప్పి పుడితే భంగిమ మార్చుకోండి. కీళ్లు పాడుచేసుకోవడం ఏ సత్యానికీ చెప్పిన పని కాదు.

ధమ్మదిన్న అనే భిక్షుణి విశాఖుడనే ఉపాసకుడికి ఇచ్చిన జవాబు ఇక్కడ ఎంతో పనికొస్తుంది. సుఖవేదన ఉన్నంతసేపు సుఖం, మారితే దుఃఖం. దుఃఖవేదన ఉన్నంతసేపు దుఃఖం, మారితే సుఖం. రెండూ కాని వేదన తెలిస్తే సుఖం, తెలియకపోతే దుఃఖం. ఆమె చెప్పినదంతా విని బుద్ధుడు, నన్నడిగినా ఇదే చెప్పేవాణ్ణి అన్నాడు. ఈ మూడు వాక్యాలను కంఠస్థం చేసి కూర్చోవడం మంచిది.

రెండో సత్యంలో తప్పు సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది. విడిచిపెట్టాల్సిన తృష్ణను తెలుసుకుంటూ కూర్చుంటారు. ‘నాకు పొగడ్త అంటే ఎందుకింత మోజు’ అని బాల్యం దాకా తవ్వుతారు, తృష్ణకు మేత మాత్రం అందుతూనే ఉంటుంది. విడిచిపెట్టడం అంటే పళ్లు బిగించి అణచడం కూడా కాదు. చెడు ఆలోచనలు పదేపదే వస్తుంటే ఏం చేయాలో బుద్ధుడు అయిదు ఉపాయాలు ఒక వరుసలో చెప్పాడు. మొదట, ఆలోచన పుట్టించే విషయాన్ని వదిలి మంచి విషయం వైపు మనసు పెట్టడం, ద్వేషానికి మైత్రి లాగ. అది పనిచేయకపోతే, ఈ ఆలోచన వెంట పోతే తనకీ ఇతరులకీ జరిగే హాని ఏమిటో చూడడం. మూడోది, దాన్ని పట్టించుకోకపోవడం. నాలుగోది, ఆలోచనను నడిపిస్తున్న లోపలి వేగాన్ని మెల్లమెల్లగా తగ్గించడం, పరుగులాంటి నడక నుంచి నిదానం నడకకు, అక్కడి నుంచి నిలబడడానికి, ఆపై కూర్చోవడానికి వచ్చినట్టు. ఈ నాలుగూ విఫలమైతేనే అయిదోది, పళ్లు బిగించి నాలుకను అంగిలికి ఆనించి బలవంతంగా అదుపు చేయడం. చాలామంది నేరుగా అయిదోదానితో మొదలుపెడతారు. పదిరోజులు బిగబట్టి పదకొండో రోజున రెట్టింపుగా పడిపోవడం అందువల్లే.

‘కోరికలన్నీ వదలాలి’ అన్న మాట కూడా సరికాదు. మార్గంలో నడవాలన్న కోరిక కూడా కోరికే కదా, కోరికతో కోరికను వదలడం ఎలా కుదురుతుందని ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు కోశాంబిలో బుద్ధుడి శిష్యుడైన ఆనందుణ్ణి అడిగాడు. ఈ తోటకు రావాలన్న కోరిక నీకు ముందు ఉంది కదా, వచ్చాక అది చల్లారింది కదా అన్నాడు ఆనందుడు. పనిచేసి చల్లారే సంకల్పానికి ఛందం అని పేరు, అది సాధనకు అవసరం. ఎంత దొరికినా చల్లారనిది తృష్ణ.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. మనకు జరిగే ప్రతి కష్టాన్నీ పూర్వజన్మ కర్మ ఖాతాలో వేసి, దాన్ని బుద్ధుడి బోధ అనడం అన్యాయం. కలిగే అనుభవమంతా పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, ఋతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బలు, కర్మ ఫలం అని ఎనిమిది కారణాలు చెప్పాడు. ఎనిమిదిలో కర్మ ఒకటి. పైగా చేతనే కర్మ, అంటే ఇప్పుడు మనం చేసే సంకల్పమే కర్మ అన్నాడు. రోగంతో ఉన్నవాళ్ల దగ్గరికెళ్లి ‘ఏ జన్మలో చేసుకున్నదో’ అనేవాళ్లకు ఈ జవాబులో ఆధారం దొరకదు.

మూడో సత్యాన్ని ఎక్కడో దూరాన ఉన్న నిర్వాణంగా మాత్రమే చూసి దాటేస్తారు. ఆ సత్యానికి చెప్పిన పని ప్రత్యక్షంగా చూడడం, తయారుచేయడం కాదు. తృష్ణ పూర్తిగా, మిగలకుండా ఆగిపోవడమే నిరోధం, అందులో సందేహం లేదు. కానీ చూడడం అలవాటు కావాల్సింది ఇప్పుడే. స్మృతిని, అంటే ఎరుకను, నిలిపే పద్ధతిలో రాగం ఉన్న మనసును రాగం ఉన్నదిగా తెలుసుకో అన్నాక, రాగం లేని మనసును రాగం లేనిదిగా తెలుసుకో అని కూడా ఉంది. ఈ రెండో సగాన్ని దాదాపు ఎవరూ చేయరు. కోపం వచ్చినప్పుడు గమనిస్తారు, కోపం దిగిపోయిన క్షణంలో లేచి వేరే పనిలో పడతారు. దిగిపోయాక ఒక్క నిమిషం ఆగి, ఇప్పుడు లేదు, లేకపోవడం ఇలా ఉంది అని చూడండి. బౌద్ధం నిరాశావాదం అనేవాళ్లు ఈ నిమిషాన్ని చూడనివాళ్లు.

నాలుగోది మార్గం, దీన్ని పెంచాలి. ఎనిమిది పేర్లూ ఒప్పజెప్పగలగడం పెంచడం కాదు. అవి మెట్లు కూడా కావు. సమ్యక్ దృష్టి ముందు నడుస్తుంది, సమ్యక్ వ్యాయామం, సమ్యక్ స్మృతి దానితో కలిసి సంకల్పం, వాక్కు లాంటి అంగాల చుట్టూ తిరుగుతుంటాయి. అబద్ధాన్ని అబద్ధమని గుర్తించడం దృష్టి, మానడానికి ప్రయత్నించడం వ్యాయామం, మానుతున్నానన్న ఎరుక స్మృతి. వాక్కు ఒక్కటి శుద్ధి కావడానికే మూడూ కావాలి.

వ్యాయామం అనగానే బలమంతా పెట్టడం అనుకుంటారు. రాని చెడును రానివ్వకపోవడం, వచ్చినదాన్ని వదలడం, రాని మంచిని రప్పించడం, వచ్చినదాన్ని నిలిపి పెంచడం అని అది నాలుగు రకాలు. ఎప్పుడు ఏది అన్నదే తెలివి. మనసు మందగించి నిద్ర ముంచుకొస్తుంటే ప్రశాంతి, సమాధి (ఏకాగ్రత), ఉపేక్ష (సమభావం) అనేవాటిని పెంచబోవడం చిన్న నిప్పు మీద తడిగడ్డి వేయడం లాంటిదని బుద్ధుడు అన్నాడు. అప్పుడు పెంచాల్సింది ధర్మ పరిశీలన, వీర్యం (ఉత్సాహంతో కూడిన ప్రయత్నం), ప్రీతి. మనసు చెలరేగి ఉన్నప్పుడు ఈ మూడూ పెద్ద మంట మీద ఎండుగడ్డి అవుతాయి, మొదటి మూడే మందు. స్మృతి మాత్రం రెండు వేళలా పనికొస్తుంది. కునికిపాట్లు పడుతూ ‘ఉపేక్షతో చూస్తున్నాను’ అనుకునేవాళ్లు లేచి నడవాలి.

ఎనిమిదింటిలో రోజంతా సాధనకు దొరికేది వాక్కు. అబద్ధం, చాడీ, పరుషం, పోసుకోలు కబుర్లు మానాలి. మొదటి మూడూ అందరికీ తెలుసు, నాలుగోదాని దగ్గరే ఎక్కువమంది జారతారు. ఏం మాట్లాడాలన్నదానికి అభయ రాజకుమారుడికి బుద్ధుడు చెప్పిన కొలతలు ఉన్నాయి. నిజం కానిది, మేలు చేయనిది ఎంత ఇంపుగా ఉన్నా తథాగతుడు, అంటే బుద్ధుడు, పలకడు. నిజమైనా మేలు చేయనిదీ పలకడు. నిజమై, మేలు చేసేదై, వినడానికి కటువుగా ఉండేదాన్ని సమయం చూసి చెప్తాడు. నిజమై, మేలు చేసేదై, ఇంపుగా ఉండేదానికి కూడా సమయం చూస్తాడు. చివరి షరతును చాలామంది గమనించరు. కటువైన మాటకు అదను చూసుకోవాలని ఒప్పుకుంటారు కానీ, మంచిమాటను నోటికొచ్చినప్పుడల్లా అనేయొచ్చనుకుంటారు. పరామర్శకు వెళ్లినచోట, తగవు నడుస్తున్నచోట అది ఎదుటివాళ్లకు ఎంత గుచ్చుకుంటుందో ఈ షరతు మనసులో పెట్టుకుని చూస్తే తెలుస్తుంది.