బల్ల దగ్గర వినడానికి ప్యాసివ్ స్పీకర్లు: 70 సెంటీమీటర్ల లెక్క, ఇప్పటిదాకా తేలినవి

విజయవాడ అపార్ట్‌మెంట్లలో మామూలుగా కనిపించే 10×12 అడుగుల పడకగది, పదడుగుల ఎత్తు స్లాబు, కింద టైల్స్. రెండడుగుల లోతు బల్ల. దాని వెనక అంచు నుంచి చెవికి 70 సెంటీమీటర్లు. స్పీకర్ ధర, ఊఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద కోన్) సైజు తరవాతి మాట. ముందు ఈ కొలతలు. ప్యాసివ్ అంటే లోపల యాంప్లిఫయర్ (ఆంప్) లేనివి, దాన్ని విడిగా పెట్టుకోవాలి. పోలుస్తున్నవి రెండు జతలు: ఎలాక్ డెబ్యూ బీ5.2, కెఫ్ క్యూ150.

ఏ రకం

టూ-వే స్పీకర్లో ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్నది) పైన, ఊఫర్ కింద ఉంటాయి. రెంటి మధ్యబిందువుల నడుమ దూరం దాదాపు 14 సెం.మీ. హాల్లో రెండున్నర మీటర్ల దూరాన కూర్చుంటే అది పెద్దగా లెక్కలోకి రాదు. 70 సెం.మీ. దగ్గర వస్తుంది. చెవి సరిగ్గా ట్వీటర్ ఎత్తులో ఉంటే ఊఫర్ నుంచి వచ్చే శబ్దం 1.4 సెం.మీ. అదనంగా ప్రయాణిస్తుంది, ఫర్వాలేదు. నడుం నిటారు చేసి చెవి 15 సెం.మీ. పైకి వెళ్లిందంటే తేడా 4 సెం.మీ. దాటుతుంది. ఎలాక్ డెబ్యూ బీ5.2లో క్రాసోవర్, అంటే ఊఫర్ నుంచి ట్వీటర్‌కి పని చేతులు మారే చోటు, 2,200 హెర్ట్జ్. అక్కడ తరంగం పొడవు 15.6 సెం.మీ., అంటే తేడా పావు తరంగాన్ని మించిపోయింది. పాటలో మాట స్పష్టంగా వినబడాల్సిన చోటే శబ్దం కుర్చీలో కదిలినప్పుడల్లా మారుతుంది.

అందుకే మా మొగ్గు కోయాక్సియల్ వైపు, అంటే రెండూ ఒకే కేంద్రం మీద ఉండే రకం వైపు. కెఫ్ క్యూ150లో ట్వీటర్ ఊఫర్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఈ బెడద దాదాపు లేదు. దాని ఇబ్బందులు వేరు: లోతు 278 మి.మీ., పోర్టు (పెట్టెలోంచి బేస్ బయటికొచ్చే రంధ్రం) వెనక. బల్ల మీద పెడితే సగం బల్ల అదే తినేస్తుంది. బీ5.2కి పోర్టు ముందుంది, గోడకి దగ్గరగా పెట్టక తప్పని ఇళ్లలో అదే నయం.

గోడలో కడప బండ వేసిన అలమరాలో మాత్రం ఏ స్పీకరూ పెట్టకండి. చుట్టూ రాయి, ఇటుక ఉండటంతో బేస్ ఉబ్బిపోతుంది.

స్టాండ్లు

బల్ల మీదే పెడితే క్యూ150 డ్రైవర్ (ఊఫర్, ట్వీటర్ కలిసిన భాగం) మధ్యభాగం బల్ల నుంచి 15 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, చెవి 40 సెం.మీ. ఎత్తులో. బల్లకి తగిలి వచ్చే శబ్దం నేరుగా వచ్చేదానికన్నా 15 సెం.మీ. వెనకబడి, 1,170 హెర్ట్జ్ ప్రాంతంలో గుంట పెడుతుంది, అంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అక్కడ శబ్దం పలచబడుతుంది. డ్రైవర్‌ని చెవి ఎత్తుకి లేపితే గుంట 475 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. పూర్తిగా పోదు, కానీ గొంతులోని డొల్లతనం బాగా తగ్గుతుంది.

కాబట్టి స్టాండ్లు బల్ల వెనక, విడిగా, నేల మీద. చెవి నేల నుంచి 115 సెం.మీ. అనుకుంటే స్టాండ్ పై పలక 100 సెం.మీ. ఎత్తులో ఉండాలి. ఆటోనగర్లో ఇనుప చదరపు పైపుతో వెల్డింగ్ చేయించుకోవచ్చు. పైపులో ఇసుక పోస్తే గంటలా మోగదు. ఇసుకని జల్లించి, బాగా ఎండబెట్టి పోయాలి. తడి ఉంటే లోపల తుప్పు పడుతుంది. పై పలకకీ పెట్టెకీ మధ్య రబ్బరు ముక్కలు.

గోడకీ స్పీకర్ ముందు ముఖానికీ మధ్య 40 సెం.మీ. వదిలితే 214 హెర్ట్జ్ దగ్గర మరో గుంట వస్తుంది. దాన్ని ఈక్వలైజర్‌తో (ఒక్కో స్వరాన్ని విడిగా పెంచే, తగ్గించే సాధనం) పూడ్చబోకండి: ఎంత పెంచితే గోడ నుంచి వచ్చే ప్రతిధ్వనీ అంత పెరుగుతుంది. స్పీకర్ జరపడమే మందు. గుట్టలు, అంటే శబ్దం ఎక్కువైన చోట్లు, మాత్రం తగ్గించవచ్చు. ఈ గదిలో వెడల్పూ ఎత్తూ రెండూ పదడుగులే కావడంతో 56 హెర్ట్జ్ దగ్గర రెండు అనునాదాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. గది శబ్దాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్ ఆర్‌ఈడబ్ల్యూలో కొలిచి, కంప్యూటర్లో నడిచే ఈక్వలైజర్ ఏపీఓలో అక్కడ కోత పెట్టాలి.

ఆంప్, వైరు

వాట్ల మోజు వద్దు. క్యూ150కీ బీ5.2కీ సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరాన వచ్చే శబ్దం) 86 డెసిబెల్స్. 70 సెం.మీ. దగ్గర 3 డెసిబెల్స్ కలిసొస్తాయి, జత కాబట్టి ఇంకో 3. సగటున 80 డెసిబెల్స్ వినడానికి వాటులో పదో వంతు కూడా పట్టదు. పైన 20 డెసిబెల్స్ ఎగిసే తాళం దెబ్బకీ ఆరేడు వాట్లు చాలు. చూడాల్సింది బుసబుస శబ్దం. పాట ఆపి, రాత్రి ఫ్యాన్ కట్టేసి, కూర్చునే చోటు నుంచే వినండి. మే నెలలో ఫ్యాన్ అయిదులో పెట్టి పరీక్షిస్తే ఏ ఆంపైనా నిశ్శబ్దంగానే అనిపిస్తుంది.

చౌక ఆంపుల్లో నాబ్ బాగా కిందున్నప్పుడు ఎడమ కుడి సమానంగా రావు. కంప్యూటర్లో వాల్యూమ్ 15 డెసిబెల్స్ తగ్గించి నాబ్ పైకి తిప్పితే సర్దుకుంటుంది. యూఎస్‌బీ ద్వారా గుయ్‌మనే హమ్ వస్తే ఆప్టికల్ కేబుల్ వాడితే గ్రౌండ్ లూప్ (ఎర్త్ తీగల గుండా హమ్ తెచ్చే చుట్టు) తెగుతుంది.

వైరు: ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మి.మీ. రాగి ఫ్లెక్సిబుల్. రెండు మీటర్లకి, రానూపోనూ కలిపి, నిరోధం 0.05 ఓమ్ మాత్రమే. ఒకవైపు ప్లస్ మైనస్ తారుమారైతే బేస్ పలచబడి గొంతు మధ్యలో నిలవదు.

మిగిలిన పని

రెండు జతల్నీ అవే స్టాండ్ల మీద పోల్చాలి. బీ5.2 ట్వీటర్ చెవి ఎత్తుకి వచ్చేలా కుర్చీ సర్దాలి. పింక్ నాయిస్‌తో (అన్ని స్వరాలూ కలిసిన హోరులాంటి పరీక్ష శబ్దం) శబ్ద స్థాయిని అర డెసిబెల్ లోపు సమం చేశాకే వినాలి. కాస్త గట్టిగా మోగేదే ఎప్పుడూ మంచిదనిపిస్తుంది.