ఆరితే కలపండి అని చెప్పి వెళ్ళిపోయాను

బరంపురంలో మా అత్తగారు మొదలుపెట్టిన ఊరగాయల పని నా చేతికి వచ్చి 14 ఏళ్ళయింది. పన్నెండు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. చాలా కాలం వరకు కాయ ఎంపిక దగ్గర నుంచి జాడీకి వాసెన కట్టేదాకా ప్రతి దశలోనూ నేను చూసి, ముట్టుకుని, ఊఁ అన్న తరువాతే పని ముందుకు నడిచేది. దాన్నే నేను జాగ్రత్త అనుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట మే నెలలో, సరిగ్గా ఆవకాయ కోతలు జరుగుతున్న వారంలో, మా వారి కుడి మోకాలి మార్పిడి ఆపరేషనుకు విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చింది. అత్తగారి కాలం నుంచీ మా దగ్గరున్న పెద్దావిడను పిలిచి, “పిన్నీ, ముక్కలు బాగా ఆరితే కలపండి, ఉప్పు సరిపడా చూసుకోండి, ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యండి” అని చెప్పి రైలెక్కాను. పని అప్పగించాననే నమ్మకంతోనే వెళ్ళాను.

పదకొండో రోజున తిరిగి వచ్చి చూస్తే 14 జాడీలలో 5 జాడీలకు అంచు చుట్టూ తెల్లగా బూజు పట్టి ఉంది.

“ఆరాకే కలిపాం, కోడలమ్మా” అన్నది ఆవిడ. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ రోజు మిగిలిపోయిన ముక్క ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. తోలు వైపు, కోసిన వైపు పొడిగానే ఉన్నాయి, కానీ టెంక లోపల జీడిని అంటిపెట్టుకుని ఉండే కాగితం లాంటి పొర అలాగే ఉంది, దాన్ని గోటితో లేపితే కింద చెమ్మ తగిలింది. నేను ఉన్నప్పుడు ఆ పొరను తీసి లోపల తుడిచేది నేనే. నా దృష్టిలో “ఆరడం” అంటే ఆ పని కూడా కలిసి ఉన్న మాట, కానీ దాన్ని ఎవరికీ ఒక్కనాడూ నోటితో చెప్పలేదు. కష్టం వాళ్ళకు అప్పగించి, ఎంత చేస్తే చాలునో ఆ కొలతను మాత్రం నా దగ్గరే ఉంచుకుని వెళ్ళానని ఆ ముక్కను పట్టుకున్నప్పుడు అర్థమైంది. ఆవిడను ఒక్క మాట కూడా అనలేకపోయాను.

మరుసటి ఏడాది అదే నెలలో ఎడమ మోకాలి ఆపరేషను. ఈసారి బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్క పని పేరు చెప్పి, “ఇది అయిపోయిందని మీకెలా తెలుస్తుంది?” అని అడిగాను. ఒకే పనికి మూడు నాలుగు రకాల జవాబులు వచ్చాయి. ఉప్పు దగ్గర ఎక్కువ సేపు ఆగాం, ఎందుకంటే అత్తగారి తవ్వను ఒకరు అంచుతో సమానంగా కొలుస్తున్నారు, ఇంకొకరు పైన గోపురం కట్టి కొలుస్తున్నారు, ఇద్దరూ “తవ్వెడే వేశాం” అంటున్నారు. ఆ తవ్వను అటక మీద పెట్టించి, 10 కిలోల ముక్కలకు 1 కిలో 800 గ్రాముల ఉప్పు అని కాటా ప్రకారం నిర్ణయించాం. ఆరడానికి కూడా గుర్తు రాసుకున్నాం: పొర తీసేసిన తరువాత టెంక లోపలి వైపు పొడి గుడ్డ అద్దితే గుడ్డకు తడి కనిపించకూడదు.

మరో చిక్కు భాషలో వచ్చింది. 1936లో మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో కలిసినా బరంపురంలో తెలుగు ఇళ్ళు చెక్కుచెదరలేదు కాబట్టి మా దగ్గర రెండు భాషలూ నడుస్తాయి. ఒక ఒడియా అమ్మాయి జాడీ మీద చీటీ అంటించి “తిరగకలపడం – కాలి” అని రాసింది. ఒడియాలో కాలి అంటే నిన్న అని, రేపు అని కూడా అర్థం, మాట్లాడేటప్పుడు క్రియను బట్టి తెలిసిపోతుంది గానీ చీటీలో క్రియ లేదు. ఆ జాడీని నిన్ననే కలిపారో, రేపు కలపాలో తేల్చడానికి అరగంట పట్టింది. అప్పటి నుంచి చీటీల మీద తారీఖు అంకెల్లోనే రాస్తున్నాం.

ఆ తరువాత పిన్ని తనంతట తాను తీసుకోదగిన నిర్ణయాలేవో విడిగా మాట్లాడుకున్నాం. కాయ మెత్తబడితే తట్టను తిప్పి పంపవచ్చు, పని మిగిలితే ఇద్దరిని సాయంత్రం అదనపు కూలికి ఉంచవచ్చు, పాళ్ళు మాత్రం మార్చకూడదు. ఏ జాడీలోనైనా వాసన తేడాగా ఉంటే పారబోయకుండా పక్కన పెట్టి, అదే గంటలో నాకు చెప్పాలి. ఇదంతా ఆవిడ చేత తిరిగి చెప్పించుకున్నాను. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి, “తట్ట తిప్పి పంపితే దుకాణంవాడు నా మాట వింటాడా?” అని అడిగింది. ఆ అనుమానం న్యాయమైనదే. పని ఇచ్చి, దానికి కావలసిన మాట చెల్లుబాటు ఇవ్వకపోతే ఆవిడను ఇరకాటంలో పెట్టినట్టే. ఆ సాయంత్రమే ఆవిడను వెంటబెట్టుకుని బడా బజారుకు వెళ్ళి, ఈ రెండు వారాలూ ఆవిడ మాటే నా మాట అని కాయల వ్యాపారికి చెప్పాను.

నాకు అన్నిటికన్నా కష్టమైనది ఫోన్ చేయకుండా ఉండటం. రోజూ రాత్రి 8 గంటలకు ఒక్కసారే మాట్లాడాలని అనుకున్నాం. మూడో రోజు మబ్బు పట్టింది కనుక ముక్కలను వసారాలో కాకుండా గదిలో ఫ్యాన్ల కింద పరిచామని పిన్ని చెప్పింది. మా ఇంట్లో ఎన్నడూ అలా చేయలేదు, వద్దు అనే మాట నోటి దాకా వచ్చింది. “గుడ్డకు తడి అంటుతోందా?” అని మాత్రం అడిగాను. లేదన్నది. అంతటితో ఊరుకున్నాను.

తిరిగి వచ్చేసరికి 16 జాడీలు వరుసగా ఉన్నాయి, ఒకటి మాత్రం విడిగా, దాని మీద పిన్ని చేతిరాతతో తారీఖు, “నూనె పూర్తిగా చల్లారక ముందే పోశాం” అన్న వాక్యం ఉన్నాయి. ఆ రోజు ఆ గంటలోనే నాకు ఫోన్ చేసి చెప్పింది కూడా.

ఈ ఏడాది కాయల కొనుగోలు కూడా ఆవిడకే ఇస్తున్నాను. ఎంత పులుపుంటే ఊరగాయకు సరిపోతుందో రాద్దామని కాగితం తీశాం గానీ మాటలు కుదరలేదు. రోజూ తెల్లవారే బజారుకు వెళ్ళి, ఒకే కాయను ఇద్దరం కొరికి, ఎవరి మాట వాళ్ళు చెప్పుకుంటున్నాం. నిన్న మూడు కాయల్లో రెండింటికి ఇద్దరి మాటా ఒకటే వచ్చింది.