చేతితో కట్టిన టియర్‌డ్రాప్‌తో తొలి రెండు రాత్రులు

టియర్‌డ్రాప్ అంటే కారు వెనక తగిలించి లాగే, కన్నీటి చుక్క ఆకారపు చిన్న పడక ట్రైలర్. బయల్దేరడానికి ముందు రోజు సాయంత్రం ట్రైలర్ ముక్కు కింద ఇంట్లో బరువు చూసుకునే కాటా పెట్టాం. 28 కిలోలు చూపించింది. సామానంతా సర్దాక వేబ్రిడ్జి మీద తూచిన మొత్తం బరువు 480. అంటే హిచ్ బాల్ (ట్రైలర్‌ను తగిలించే, కారు వెనకున్న గుండు) మీద పడే భారం ఆరు శాతానికి కాస్త తక్కువే. అది పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండాలి. ముక్కు తేలికైతే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఊగడం మొదలవుతుంది. భయపడి కారు బ్రేకు తొక్కితే వెనక బరువు ముందుకు నెట్టుకొచ్చి ఆ ఊపు ఇంకా పెరుగుతుంది. అప్పుడు చేయగలిగింది యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, వేగం దానంతట అది తగ్గేదాకా ఓపిక పట్టడమే.

తప్పెక్కడుందో వెతకనక్కర్లేదు. టియర్‌డ్రాప్‌లో వంటగది తోకలో ఉంటుంది. పొయ్యి, గిన్నెలు, 20 లీటర్ల నీళ్ల క్యాను, 12 కిలోల లిథియం బ్యాటరీ, అన్నీ అక్కడే పెట్టాం. ఇరుసును 2.4 మీటర్ల డబ్బాకు ముందు అంచు నుంచి 1.44 మీటర్ల దగ్గర, అంటే 60 శాతం దగ్గర బిగించాం. డ్రాయింగ్ కాగితం మీద అది సరైన చోటే. కానీ కాగితం మీది ట్రైలర్లో నీళ్ల క్యాను ఉండదు. ఇరుసును ఇప్పుడు జరపలేం కాబట్టి బరువునే జరిపాం. దానికి లెక్క తేలికే: జరిపిన బరువును జరిపిన దూరంతో గుణించి, ఇరుసుకూ కప్లర్‌కూ (హిచ్ బాల్‌ను పట్టుకునే ట్రైలర్ కొస) మధ్య ఉన్న దూరంతో భాగిస్తే ముక్కు మీద పెరిగే భారం వస్తుంది. క్యానూ బ్యాటరీ కలిసి 32 కిలోలు. వెనక వంటగది నుంచి ముందున్న పెట్టెలోకి 2.3 మీటర్లు. కప్లర్ నుంచి ఇరుసుకు 2.85 మీటర్లు. దాదాపు 26 కిలోలు పెరగాలి. మళ్లీ తూస్తే 54 వచ్చింది, అంటే పదకొండు శాతం పైచిలుకు. కాటా మీద పెట్టేటప్పుడు ట్రైలర్ సమంగా ఉండాలి, కప్లర్ హిచ్ బాల్ ఎత్తులోనే ఉండాలి. నేల మీదికి వంచి తూస్తే వచ్చే అంకె పనికిరాదు.

ముందు పెట్టెలో బ్యాటరీ పెట్టేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు. చలిదేశాల్లో తిరిగేవాళ్లకు ఆ పెట్టెకు లోపల ఫోమ్ తాపడం తప్పదు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ కొన పక్కనే ఉండాలి. బ్యాటరీ చోటు మారితే ఫ్యూజు కూడా దాంతోపాటే మారాలి. లేకపోతే మధ్యలో ఉన్న రెండు మీటర్ల తీగకు రక్షణే ఉండదు.

తెల్లారి హిచ్ తగిలించి లైట్లు చూశాం. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక దీపాలు రెండూ దాంతోపాటే మినుకుమినుకుమన్నాయి. ఇలాంటి చిత్రమైన పోకడలకు పదిలో తొమ్మిదిసార్లు కారణం ఎర్త్ తీగే. రంగు వేసిన ఛాసిస్ మీద రింగ్ టెర్మినల్ బిగించేశాం. దాని కింద రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాక మళ్లీ బిగించి, పైన గ్రీజు పూస్తే సరిపోయింది. సేఫ్టీ చైన్లను కప్లర్ కింద అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి వేశాం. బాల్ ఊడితే ముక్కు నేలను తాకకుండా ఆ అల్లిక మీదే పడుతుంది.

మొదటి ఆపు ఇరవై కిలోమీటర్లకే. చక్రాల మధ్యనున్న రెండు హబ్‌ల మీదా చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే బేరింగ్ మరీ బిగువుగా ఉన్నట్టు, లేదా బ్రేకు పట్టేస్తున్నట్టు. మా కుడి హబ్ ఎడమదాని కంటే వేడిగా ఉంది. బేరింగ్ నట్టును చక్రం తిప్పుతూ బిగించి, రోలర్లు కుదురుకున్నాక పూర్తిగా వదులు చేసి, మళ్లీ వేళ్లతో తగిలేదాకా మాత్రమే తిప్పి, నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ రంధ్రం కుదిరే చోట ఆపాలి. ఆ వదులు చేయడమే కొత్తవాళ్లు మరిచిపోతారు. ఒక గాడి వెనక్కి తిప్పాక మళ్లీ వేడెక్కలేదు. ఎనభై కిలోమీటర్ల దగ్గర చక్రాల నట్లన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాం. కొత్త రిమ్ముల మీద రంగు నలిగి నట్లు వదులవుతాయి. మొత్తం పది నట్లలో మూడు పావు చుట్టు తిరిగాయి.

తార్రోడ్డు మీద అది కారు వెనక ఉన్న సంగతే తెలియలేదు. ఈ ఆకారం 1930ల నాటికే అమెరికాలో కుదురుకుంది. రెండు రాత్రుల ప్రయాణానికి ఇప్పటికీ ఇంతకంటే తెలివైన రూపం కనిపించదు. అడుగుభాగం వెడల్పు 1.2 మీటర్లు, పొడవు 2.4 మీటర్లు. సరిగ్గా ఒక ప్లైవుడ్ షీటు. పక్క గోడలు కూడా చెరో షీటులోంచే వస్తాయి. మేం వాడింది 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. షీటు దాదాపు ముప్ఫై కిలోలు తూగుతుంది. చట్రం కట్టి రెండు వైపులా పల్చటి తాపడం వేస్తే బరువు బాగా తగ్గుతుంది గానీ, మొదటిసారి కట్టేవాళ్లకు ఆ దారి చెప్పం. నిండు షీటులో రంపం తప్పితే ఒక గీత పోతుంది. చట్రంలో ఒక అతుకు తప్పితే గోడంతా పోతుంది.

పక్క గోడల్లో చూపించాల్సిన జాగ్రత్త ఒక్కటే, రెండూ అచ్చం ఒకేలా ఉండాలి. ఒంపుకు ముఖ్యమైన చోట్ల మేకులు కొట్టి, వాటి వెంట సన్నటి చెక్క బద్దీని వంచి గీత గీస్తే కంటికి నచ్చే వంపు వస్తుంది. ఒక గోడను జిగ్‌సాతో గీతకు రెండు మిల్లీమీటర్లు బయటే కోసి, ఎమరీ కాగితంతో గీతదాకా రుద్ది, దాన్నే అచ్చుగా రెండోదాని మీద బిగించి రౌటర్‌తో చెక్కాలి. మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చినా పైకప్పు మెలితిరుగుతుంది, వెనక హ్యాచ్, అంటే వంటగది మీది పైకెత్తే మూత, ఎప్పటికీ సరిగా మూసుకోదు.

హ్యాచ్ సంగతి మట్టిరోడ్డు ఎక్కాక బయటపడింది. పన్నెండు కిలోమీటర్లు పోయి తెరిచి చూస్తే గిన్నెల మీద పిండి చల్లినట్టు దుమ్ము. పరుగెత్తే ట్రైలర్ వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. చక్రాలు లేపిన దుమ్ము అక్కడే సుడి తిరుగుతూ దొరికిన ప్రతి సందులోంచీ లోపలికి వస్తుంది. మాకు దొరికిన సందు కింది మూలల్లో, ఆరు మిల్లీమీటర్లు. హ్యాచ్‌కు అయిదు పక్కటెముకలు కోసి, వాటి మీద 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వంచి అతికించాం. జిగురు ఎండగానే, లోపలి తాపడం వేయకుండా, ట్రైలర్ మీంచి తీసేశాం. వంచిన చెక్క తన పాత చదునుతనాన్ని మరిచిపోదు. తీయగానే కొంచెం విచ్చుకుంది. హ్యాచ్‌ను ట్రైలర్ మీదే కట్టాలి. చుట్టూ 3 మిల్లీమీటర్ల ముక్కలు సందు కోసం పెట్టి, బయటి తాపడమూ లోపలి తాపడమూ రెండూ అక్కడే అతికించి, జిగురు పూర్తిగా గట్టిపడ్డాకే తీయాలి. రెండు పొరల మధ్య ఇరుక్కున్న పక్కటెముక ఎటూ కదలదు. ఇప్పుడు మాకు మిగిలిన దారి, మధ్యలో ఉన్న ఒక గడియ తీసేసి రెండు మూలల్లో లాగి బిగించే గడియలు పెట్టడం. హ్యాచ్‌ను ఎత్తి నిలబెట్టే గ్యాస్ స్ట్రట్లు మాత్రం దానికి రంగు, లైటు, అల్యూమినియం రేకు అన్నీ పడ్డాక తూచి కొనాలి. బలం ఎక్కువైనవి పెడితే మూసి ఉన్నప్పుడే హ్యాచ్‌ను బయటికి ఉబ్బిస్తాయి.

సరస్సు ఒడ్డున చేరేసరికి చీకటి పడుతోంది. కారు నుంచి విడదీయకముందే పక్కవాటు సమం చూసుకోవాలి. పల్లంలో ఉన్న చక్రం కింద చెక్క పెట్టి దాని మీదికి నడపాలి. తర్వాత రెండు చక్రాలకూ ఆపుళ్లు పెట్టి, విడదీసి, ముందు జాకీతో ముక్కు ఎత్తు సరిచేయాలి. మూలల్లో ఉండే స్టెబిలైజర్లు బరువు ఎత్తడానికి కావు, ఊగకుండా ఆపడానికే. వాటితో ట్రైలర్ ఎత్తబోతే ఛాసిస్ మెలితిరిగి తలుపులు పట్టేస్తాయి. వంట వెనక, హ్యాచ్ పూర్తిగా తెరిచి మాత్రమే. లోపల పడుకునే చోట మంట వెలిగించే ప్రశ్నే లేదు. అయినా కార్బన్ మోనాక్సైడ్ అలారం, పొగ అలారం రెండూ పెట్టాం. తలుపులు రెండు వైపులా ఉండటం కూడా దిగడానికి వీలుగా ఉంటుందని మాత్రమే కాదు, మంట లేస్తే ఏదో ఒక వైపు నుంచి బయటపడటానికి.

మొదటి రాత్రి వాన లేదు. అయినా తెల్లారేసరికి పరుపు కింద చెయ్యి పెడితే తడి. నిద్రలో ఇద్దరు మనుషులు ఊపిరిలోంచీ ఒంట్లోంచీ అర లీటరు దాకా నీటిని గాల్లోకి వదులుతారు. మూడు ఘనపు మీటర్ల డబ్బాలో అది ఎక్కడికి పోతుంది? చల్లగా ఉన్న చోటల్లా చేరుతుంది. కిటికీ ఫ్రేము మీద, పైకప్పు బద్దీలు బయటి రేకుకు ఆనిన గీతల వెంట, పరుపు అడుగున. ఫ్యాను రాత్రంతా తిరిగింది. కానీ చలికి కిటికీలు రెండూ గట్టిగా మూసేశాం. లోపలికి గాలి రావడానికి దారి లేకపోతే పైకప్పు ఫ్యాను మోత పెడుతుంది తప్ప ఏమీ లాగదు. రెండో రాత్రి ఒక కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి, ఫ్యానును అన్నిటికంటే తక్కువ వేగంలో పెట్టాం. పరుపు కింద చెక్క బద్దీలు పరిచి గాలి ఆడేలా చేశాం. తెల్లారి కిటికీ మూలల్లో తప్ప చెమ్మ లేదు.

ఆ రెండో రాత్రే వాన కూడా వచ్చింది. తలుపుల దగ్గర కారలేదు. వాటి మీద చూరులా అంగుళం బయటికి వచ్చే పట్టీ ఉంది, చుట్టూ డి ఆకారపు రబ్బరు ఉంది. కారింది కాళ్ల దగ్గరున్న అలమర పైన, మధ్యలో. చుక్క పడిన చోటే చిల్లు ఉంటుందనుకుంటే ఎన్నటికీ దొరకదు. నీళ్లు బద్దీ పట్టుకుని పక్కకు నడిచి, తోచిన చోట దిగుతాయి. పొద్దున్న లోపల అంతా తుడిచి, బద్దీల మీద పౌడరు చల్లి, బయట కింది నుంచి పైకి ఒక్కో అతుకు మీద అయిదేసి నిమిషాలు నీళ్లు పోశాం. పై నుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. పౌడరులో గీత పడింది హ్యాచ్ బందు (కీలు) ఎడమ కొస దగ్గర, చుక్క పడిన చోటికి నలభై సెంటీమీటర్ల దూరంలో.

మేం వాడింది పొడుగాటి పియానో బందు. దాని కణుపుల మధ్య నీళ్లు దిగుతాయని తెలిసే పైన రబ్బరు పట్టీ వేశాం. కానీ పట్టీని బందు ఎంత పొడవుందో అంతే కోశాం. నీళ్లు పట్టీ మీంచి జారి, కొస దగ్గర తిరిగి లోపలికి వచ్చాయి. ప్రతి వైపూ కనీసం 25 మిల్లీమీటర్లు దాటి రావాలి, అక్కడి నుంచి పక్క గోడ అంచు వెంట కిందికి దిగే కాలువ ఉండాలి. ఇదే పని కోసం ప్రత్యేకంగా చేసిన అల్యూమినియం బందులు దొరుకుతాయి. ఒకదానిలో ఒకటి గుండ్రంగా ఇమిడే రెండు పట్టీలు, నీళ్లు పైనుంచే జారిపోతాయి. మొదటిసారి కట్టేవాళ్లు డబ్బు ఎక్కడైనా మిగుల్చుకోవచ్చు గానీ ఇక్కడ వద్దు.

తిరిగొచ్చాక బందు విప్పి చూస్తే స్క్రూ రంధ్రాల చుట్టూ ప్లైవుడ్ నల్లబడింది. ప్లైవుడ్ ముఖం మీద నీళ్లు పడితే ఆరిపోతాయి. అంచులో పడితే స్పాంజిలా పీల్చుకుంటుంది. రంధ్రం కూడా అంచే కదా. పల్చని ఎపాక్సీని (గట్టిపడే రెజిన్ జిగురు) రంధ్రాల్లోకి దించి, గట్టిపడ్డాక మళ్లీ సన్నగా తొలిచి, బందు కింద బంకలా సాగే బ్యూటైల్ టేపు పరిచి బిగించాలి. టేపు బయటికి ఊరుతుంది. రెండు మూడు రోజులాగి మళ్లీ బిగించి, ఊరినదాన్ని ప్లాస్టిక్ ముక్కతో గీకేయాలి. సిలికాన్ ఎంత చవకైనా ఈ చోటుకు రానివ్వకూడదు. ఎండిన సిలికాన్ మీద రంగూ అంటదు, మరో వరస సిలికానూ సరిగా అంటదు. తడిసిన చెక్కను ముందు పది రోజులు నీడలో ఆరబెట్టాం. తడి మీద ఎపాక్సీ పోస్తే ఆ తడి లోపలే బందీ అవుతుంది.

హ్యాచ్ తిరిగి బిగించిన రోజే ముక్కు కింద కాటా మళ్లీ పెట్టాం, ఈసారి నీళ్ల క్యాను ఖాళీగా: 42 కిలోలు. 460లో అది తొమ్మిది శాతమే. అందుకే ఇప్పుడు క్యాను ఖాళీ అయ్యాక కూడా ముందు పెట్టెలో జాకీ, చక్రాల ఆపుళ్లు, స్పానర్ల సంచీ ఉంటాయి, వంటగదిలో కాదు.