సైలెన్సర్ తుప్పు గీకిన ఆదివారం

మొన్న ఫిబ్రవరిలో కారు సర్వీసుకి ఇచ్చినప్పుడు, సైలెన్సర్ తుప్పు పట్టిపోయింది, మార్చేయండి మేడమ్, 6,000 దాకా అవుతుంది అన్నారు. చిల్లు పడిందా అంటే, ఇంకా పడలేదు, పడుతుంది అన్నారు. చిల్లు పడని సైలెన్సర్‌ని తీసి పారేయడానికి నాకు మనసొప్పలేదు.

మేముండేది చెన్నై తిరువాన్మియూరులో, సముద్రానికి పది నిమిషాల నడక. ఆ గాలి కోసమే ఈ ఇల్లు తీసుకున్నాం, ఇప్పుడు ఆ గాలే గేటు, కిటికీ ఊచలు, పాప సైకిల్ చైను అన్నిటినీ కొరుక్కు తింటోంది. కారు బయటే ఉంటుంది. పదకొండేళ్ల బండి.

అప్పుడు నాన్న నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ముప్పై ఏళ్లు నెల్లూరు, మద్రాసు మధ్య లారీ తోలిన మనిషి. ఫోన్ టార్చి వేసి కిందికి వంగి, స్క్రూడ్రైవర్ పిడితో సైలెన్సర్‌ని అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయారు. "ఖణేల్మంటా ఉందమ్మా, రేకు ఇంకా ఉంది. తట్టినప్పుడు సద్దు చచ్చిపోయిందంటే అక్కడ రేకు పొడైపోయినట్టు" అన్నారు. ఒక్క అతుకు దగ్గర మాత్రం శబ్దం కాస్త మందంగా వచ్చింది, కానీ గట్టిగా పొడిచినా స్క్రూడ్రైవర్ దిగలేదు. దిగి ఉంటే తుప్పు గీకి రంగు వేసే ఈ పని మొదలుపెట్టేదాన్నే కాదు. చిల్లు మీద రంగు వేస్తే పొగ ఆగదు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి రావచ్చు, దానికి వెల్డింగో కొత్త సైలెన్సరో తప్ప దారి లేదు.

బండి సామాన్ల షాపులుండే జీపీ రోడ్డుకి వెళ్లి 600 డిగ్రీల దాకా తట్టుకునే నల్ల స్ప్రే డబ్బాలు రెండు, వైర్ బ్రష్, డ్రిల్‌కి తగిలించే గిన్నె ఆకారం వైర్ బ్రష్, 80, 120, 220 నంబర్ల ఎమరీ పేపర్లు, థిన్నర్ తెచ్చాను. ఎమరీని ఇక్కడి షాపుల్లో ఉప్పుత్తాళ్ అంటారు, నాకు ఆ మాట భలే ఇష్టం. మామూలు ఇనుప గేట్లకి వేసే పెయింట్ అయితే రెండు రోజుల్లో మాడి రేకులు రేకులుగా రాలిపోతుంది, దాని జోలికి పోవద్దు.

ముందు రోజు సాయంత్రం నుంచి బండి కదపలేదు, సైలెన్సర్ పూర్తిగా చల్లారాలి కదా. వెనక వైపు జాకీ ఎత్తి, రెండు జాక్ స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాం. వట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరడానికి నాన్న చచ్చినా ఒప్పుకోరు. లారీ కింద పని చేస్తూ చేయి పోగొట్టుకున్న క్లీనర్ని ఆయన కళ్లారా చూశారు.

ఇక గీకుడు. మూడున్నర గంటలు పట్టింది, రోజంతటి పనిలో అదే అసలు పని. ముందు సబ్బు నీళ్లతో మట్టి కడిగి, బాగా ఆరాక చేత్తో వైర్ బ్రష్ పట్టి వదులుగా ఉన్న పెచ్చులన్నీ రాల్చాను, తరవాత డ్రిల్, ఆ తరవాత ఎమరీ 80తో మొదలుపెట్టి 220 దాకా. గాగుల్స్, మాస్క్ లేకుండా చేయకండి, ఇనుప తీగలు తెగి సూదుల్లా ఎగురుతాయి. చదునుగా ఉన్న చోట రేకు త్వరగానే మెరిసింది. అతుకుల దగ్గర, రబ్బరు హ్యాంగర్లు తగిలించే కడ్డీల వెనక, చేయి పట్టని చోటే తుప్పంతా దాక్కుని ఉంది. ఎమరీని చిన్న ముక్కలుగా చించి వేలికి చుట్టుకుని రుద్దడం తప్ప వేరే మార్గం దొరకలేదు.

కింది భాగం గీకుతుంటే అగ్గిపుల్ల తల దూరేంత చిన్న రంధ్రం కనబడింది, గట్టిపడిన మట్టితో పూడిపోయి ఉంది. నేను తుప్పు చిల్లే అనుకుని గుండె జారిపోయింది. నాన్న చూసి, "కంపెనీ వాడు పెట్టిన బెజ్జమే తల్లీ, నీళ్లు పోయేదానికి" అన్నారు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. సైలెన్సర్ బాగా వేడెక్కితే అదంతా ఆవిరిగానే బయటికి పోతుంది, దగ్గర దగ్గర తిరుగుళ్లయితే లోపలే చల్లబడి అడుగున చేరుతుంది, పొగలోని ఆమ్లాలు కూడా అందులో కలిసి రేకుని లోపలి నుంచి తింటాయి. మా బండి తిరిగేది పాప బడికీ, మార్కెట్‌కీ, రెండు మూడు కిలోమీటర్లే. పైగా 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి వీధిలో నీళ్లు నిలిచి చక్రాలు సగం మునిగాయి. ఆ బురదే బెజ్జంలో గట్టిపడి ఉంటుందని నాన్న అన్నారు, నాకూ అదే అనిపించింది. సన్నటి తీగతో పొడిచాం. ఎర్రటి నీళ్లు చిన్న గ్లాసుడు కారాయి. సముద్రపు గాలిని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను, కానీ మందంగా మోగిన ఆ అతుకు సరిగ్గా ఈ బెజ్జం పక్కనే ఉంది, అక్కడ రేకుని తిన్నది లోపల నిలిచిన ఈ నీళ్లే అనిపించింది.

గీకాక ఆలస్యం చేయకూడదు. ఈ ఊరి తేమకి తెల్లటి రేకు కొన్ని గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. థిన్నర్ గుడ్డతో రెండుసార్లు తుడిచి, ఆ తరవాత వట్టి చేత్తో ముట్టుకోలేదు, చెమట తగిలినా పెయింట్ పట్టదు. రబ్బరు హ్యాంగర్లకి మాస్కింగ్ టేపు, బంపర్‌కి పాత పేపర్లు కట్టి, బెజ్జంలో అగ్గిపుల్ల గుచ్చి, జానెడు దూరం నుంచి పల్చగా మూడు పూతలు కొట్టాను, పూతకీ పూతకీ మధ్య పదిహేను నిమిషాలు. మందంగా కొడితే ధారలు కడుతుంది.

ఈ పెయింట్ వేడి తగిలితేనే గట్టిపడుతుంది. ఒక రాత్రి ఆరనిచ్చి, అగ్గిపుల్ల, టేపు, పేపర్లు తీసేసి, పొద్దున ఆరుబయట పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి చల్లార్చాం, మళ్లీ ఇరవై నిమిషాలు, మళ్లీ చల్లార్చాం, ఆ తరవాత సముద్రం పక్కగా పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద, చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళం దాకా వెళ్లొచ్చాం. మొదట కాస్త పొగ, ఘాటైన వాసన వచ్చాయి, పాప భయపడింది కానీ అది పెయింట్ కాలి గట్టిపడే వాసనే.

అప్పటి నుంచి వారానికోసారి కోవళం వెళ్తున్నాం, సైలెన్సర్ బాగా వేడెక్కి లోపలి నీళ్లు ఆరాలని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలన్నీ పడ్డాక మళ్లీ కిందికి దూరి చూశాను. నలుపు నిలిచింది, బెజ్జం తెరుచుకునే ఉంది, అతుకు దగ్గర మాత్రం రూపాయి బిళ్లంత ఎరుపు తేలింది. నాన్నకి ఫోటో పంపితే, "ఆడ సరిగ్గా గీకలేదమ్మా, ఎండలొచ్చాక మళ్లీ పట్టు" అన్నారు. రెండో డబ్బాలో ఇంకా సగం పెయింట్ ఉంది.