ఎడమ పక్కకు తిరిగి వారం రోజులు

మొదట కనిపించినవి నల్ల చుక్కలు. కుడి కన్ను ఎటు తిప్పితే అటు మసి రాలినట్టు కదిలేవి. చీకట్లో అంచున మెరుపు మెరిసి పోయేది. నొప్పి లేదు, ఎరుపు లేదు. అందుకే రెండు రోజులు ఊరుకున్నాను. కంటి లోపల వెనక గోడకు అంటుకుని ఉండే రెటీనా అనే పొరకు నొప్పి తెలియదని నాకు అప్పటికి తెలియదు. మూడో రోజు ఉదయం ముక్కు వైపు నుంచి బూడిద రంగు తెర ఒకటి లోపలికి జరగడం మొదలైంది. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కంటిపాప విచ్చుకునే చుక్కల మందు వేసి డాక్టరు గారు చాలాసేపు చూశారు. "చెవి వైపు రెటీనా చిరిగింది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరి పొర ఊడిపోతోంది. చూపుకు కీలకమైన మాక్యులా ఇంకా అంటుకునే ఉంది. అది ఊడకముందే ఆపరేషన్ చేయాలి" అన్నారు. నావి చిన్నప్పటి నుంచీ మైనస్ తొమ్మిది అద్దాలు. అలాంటి కళ్లలో కనుగుడ్డు పొడవుగా సాగి రెటీనా పలచబడుతుందట. ఇన్నేళ్లూ అద్దాలు మార్చుకున్నానే తప్ప ఆ పొరను ఒక్కసారి కూడా చూపించుకోలేదు.

మర్నాడే విట్రెక్టమీ. కన్నుకే మత్తు ఇచ్చారు. లోపలి జెల్ తీసేసి, చిరుగు చుట్టూ లేజర్ వేసి, గ్యాస్ నింపారు. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదని, నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇవ్వకూడదని రాసిన పట్టీ చేతికి కట్టారు. రెండింటిలోనూ బుడగ ఉబ్బి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది.

అసలు కష్టం ఆ తర్వాతే. బుడగ పైకి తేలి చిరుగును అదిమిపెట్టాలి కాబట్టి వారం రోజులు ఎడమ చెంప దిండుకు ఆనించి పడుకోమన్నారు. మెడ పట్టేసింది, చెవి కందిపోయింది. 1920ల్లో స్విట్జర్లాండ్ డాక్టరు జూల్ గోనిన్ చిరుగును మూస్తేనే రెటీనా అతుక్కుంటుందని చూపించేదాకా ఇది దాదాపు నయం కాని జబ్బని మా అబ్బాయి చదివి వినిపించాడు. ఆ పూట మెడ నొప్పి గురించి ఎవరితోనూ అనలేదు.

తర్వాత చూపులో పైన సన్నని వెలుగు గీత తెరుచుకుంది. దాని కింద బుడగ, గ్లాసులో నీళ్లలా, తల కదిపితే ఊగేది. నిజానికి బుడగ పైనే ఉంటుందట, కన్ను బొమ్మను తలకిందులుగా పట్టుకుంటుంది కాబట్టి మనకు కింద కనిపిస్తుంది. రోజూ ఆ గీత కాస్త దిగేది. పక్షం దాటాక బుడగ గోలీ అంతయి, ఒక ఉదయం కనిపించకుండా పోయింది.

ఎడమ కంటిలోనూ పలచబడిన చోటు ఒకటి బయటపడితే లేజర్ వేశారు. కుడి కంటికి శుక్లం తొందరగా వస్తుందన్నారు. రానివ్వండి, దానికి ఆపరేషన్ ఉంది.